వెనక సీటు సెగ

కాలాలి, ఇంకాస్త కాలాలి, ఇప్పుడిప్పుడేగా ఇంజను ఒళ్ళు విరుచుకుంటున్నది, ఇంకో సిగ్నల్ దాటితే అసలు సెగ మొదలవుతుంది అనుకుంటూ ఆమె హ్యాండిల్ మీద వేళ్ళు సర్దుకుంది, ఎదుట ఎర్రదీపం, నెత్తిన మిట్టమధ్యాహ్నపు ఎండ, తారురోడ్డు మీద నీళ్ళు నిలిచినట్టు మెరుపు, పక్కన ఆగిన బస్సు వదిలే వేడి ఊపిరి, వెనక సీటులో ఆయన, కుడిచేతికి మోచేతి దాకా తెల్లటి కట్టు, ఎడమచేత్తో సీటు వెనక కడ్డీ పట్టుకుని, పెళ్ళయిన ఇన్నేళ్ళూ ఆమె కూర్చున్న చోట, ఆమె కూర్చున్నట్టే, కుడి పిక్క సైలెన్సరుకి జానెడు దూరంలో, ఆసుపత్రి ఇంకా సగం దారి ఉంది, అక్కడ కట్టు విప్పేస్తారు, విప్పితే బండి మళ్ళీ ఆయనది, వెనక సీటు మళ్ళీ తనది, ఏం జరిగినా ఈ సగం దారిలోనే జరగాలి, ఆయన నోట ఒక్క మాట రావాలి, కాలుతోందే అని, అంతకంటే ఏం అడిగింది గనక, నగలడిగిందా నట్రా అడిగిందా.

ఇంజను ఆపవేం అన్నాడు వెనకనుంచి, అంటాడని తెలుసు, ఆపకూడదండీ, ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, మీరేగా చెప్పారు అంది తల తిప్పకుండానే, ఆ మాటని ఎన్ని ఎండాకాలాలు ఊరగాయలా దాచుకుందో, మూత తీయగానే ఘుమఘుమలాడింది, ఆయన ఊఁ అన్నాడు, తన మాటే తనకి వడ్డిస్తే ఎవరైనా ఊఁ అనే అంటారు, వెనక చక్రం మీద బరువు అటునుంచి ఇటు మారింది, కదులుతున్నాడు, కాలు జరుపుకుంటున్నాడు కాబోలు, జరపండి, జరపండి, ఎంత జరిపినా అక్కడ ఉన్నది ఆ రెండంగుళాల ఫుట్‌రెస్టే, దాని మీద తను చెయ్యని విన్యాసం లేదు, మడమ ఎత్తి చూసింది, పాదం బయటికి తిప్పి చూసింది, కొంగలాగా మోకాలు పైకి లాక్కుని చూసింది, అలా లాక్కున్న రోజే బండి వాలుతోంది, కుదురుగా కూర్చోలేవా అని ఆయన కసిరాడు, కుదురుగా కూర్చుంది, మర్నాటికి పిక్క మీద అణా కాసంత బొబ్బ, దాని మీద పళ్ళ పేస్టు రాసి అత్తగారు, మావాడి బండికి ఏం రోగమమ్మా, నువ్వే కాలు దానికి ఆనించి ఉంటావు అంది, తరువాత డాక్టరమ్మ ఆ మచ్చ చూసి, పాత మచ్చ పక్కన కొత్త మచ్చ చూసి, ఏమ్మా, మీరు కాలితో వంట చేస్తారా అని అడిగింది, తను పకపకా నవ్వింది, పక్కనే ఉన్న ఆయనా నవ్వాడు, ఇంటికొచ్చాక బండిది వేడి కాదే, నీదే సుకుమారం అన్నాడు, ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె పేరు సుకుమారి, ఏడాది పొడవునా పొయ్యి దగ్గర నిలబడే మనిషికి పెట్టాల్సిన పేరే.

పచ్చదీపం పడింది, గేరు వేసింది, చేతులకీ కాళ్ళకీ ఇంకా గుర్తుంది, కాలేజీ రోజుల్లో అన్నయ్య బండి మీద ఊరంతా తిరిగింది, ఆ సంగతి చెప్పినప్పుడు ఈయన, ఆ బండి వేరు ఈ బండి వేరు, ఇది గుర్రం, నీ వల్ల కాదు అన్నాడు, ఆ గుర్రం మీంచి ఆయనెప్పుడూ పడలేదు, నిజమే, పడింది బాత్రూములో సబ్బు మీంచి, ఆఫీసులో మాత్రం యాక్సిడెంటు అని చెప్పుకున్నాడు, ఆమె కాదనలేదు, సబ్బుకీ గౌరవం దక్కనీ అనుకుంది, అప్పట్నుంచి సరుకులకీ ఆఫీసుకీ ఆమే నడుపుతోంది, ఆఫీసుకి మాత్రం చల్లటి పొద్దునపూటే వెళతాడు, సాయంత్రం సహోద్యోగి కారులో వస్తాడు, ఎండలో ఈ సీటు రుచి ఇవాళే మొదటిసారి, అందుకే కదా ఆసుపత్రివాళ్ళు ఎప్పుడు వస్తారమ్మా అని ఫోన్లో అడిగితే, పొద్దున్నే రావచ్చని వాళ్ళు చెబుతున్నా, మధ్యాహ్నమైతే మాకు వీలండీ అంది, గొంతులో తేనె ఒలికిస్తూ, చెట్లున్న పాత రోడ్డు ఉండగా సిగ్నళ్ళున్న ఈ బజారు దారి పట్టింది అందుకే, ఆ దారి తవ్వేశారటండీ అని ఆయనకి చెప్పింది, తవ్వలేదు, పాపం అది నున్నగా ఉంది.

ఇక బండికి కట్టిన కవరు సంగతి, మొన్న బండి కడుగుతుంటే తెలిసింది, ఇంజను ముందరి ఇనుప గార్డుకి ఆయన అడ్డంగా కట్టించిన నల్లటి రెక్సిన్ కవరు, అందం కోసమనుకుంది ఇన్నాళ్ళూ, విప్పి చూస్తే వెనకాల ఇంజను చుట్టూ పలచటి రెక్కలు, వరసగా, గాలి తగలడానికే పుట్టినట్టు, కవరు లోపలివైపు మాడి గోధుమరంగుకి తిరిగింది, ఓహో అనుకుంది, మూత బిగించి సన్నసెగ మీద పెట్టిన గిన్నె ఇది, ముందునుంచి గాలి రాదు, లోపల ఉడికిందంతా పక్కలకీ వెనక్కీ తంతుంది, వెనక ఎవరు, సుకుమారి, విప్పి అవతల పారేద్దామని లేచింది, పారేయలేదు, కడిగి, ఆరబెట్టి, మళ్ళీ కట్టింది, ఆయన వేసిన ముడి మీద తన ముడి ఇంకోటి వేసింది, వేస్తున్నప్పుడు ఏదో పాట కూనిరాగం తీసినట్టు కూడా గుర్తు, పాపం ఆయనకి తెలియదు, ఇన్నేళ్ళూ తెలియకే అలా అన్నాడు, ఒక్కసారి తగిలితే తెలుస్తుంది, తెలిస్తే అంటాడు, ఒసే, ఇన్నాళ్ళూ దీని మీద ఎలా కూర్చున్నావే అంటాడు, ఆ మాట చెవిన పడితే చాలు, ఆ తరువాత ఆయన నడిపినా సరే, వెనక కూర్చుంటుంది, కూర్చుని ఆ మాటే తలుచుకుంటూ ఎంత దూరమైనా వస్తుంది.

మళ్ళీ ఎర్రదీపం, అద్దంలో ఆయన మొహం, చెమటతో తడిసి, పళ్ళు బిగించి, అనండి, అనండి, తన మోకాళ్ళకీ సెగ కొడుతోంది, ప్యాంటు గుడ్డ చర్మానికి అంటుకుపోయింది, ఈ పగ తీర్చుకోవడంలో తన వాటా ఇంత ఉంటుందని లెక్క వేసుకోలేదు, అయినా ఓర్చుకుంటుంది, అలవాటున్న పని, వంతెన ఎక్కుతుంటే బండి లాగలేదు, యాక్సిలరేటరు తిప్పితే అరుపే గానీ పరుగు లేదు, కింద ఎక్కడో టకటకమని ఎవరో చెంచాతో గిన్నె కొడుతున్నట్టు, మాడిన నూనె వాసన, అయ్యో, పగపట్టింది ఆయన మీద, ప్రాణం పోయేది దీనిది, ఇది ఆగిపోతే ఆసుపత్రీ లేదు ఆఫీసూ లేదు, ఎలాగో వంతెన దింపి, మూసి ఉన్న ఒక దుకాణం నీడలోకి తిప్పి, ఇంజను ఆపింది, ఆపగానే చెవులు ఖాళీ అయిపోయాయి.

ఆయన దిగాడు, కుడి కాలు విదిలించాడు, ఇప్పుడంటాడు అనుకుంది ఆమె, ఆయన ఇంజను ముందు వంగి చూసి, లెక్కలు రాని పిల్లకి పాఠం చెప్పే మాస్టారిలా గొంతు సవరించుకుని, ఇదీ సంగతి, ఈ కవరు విప్పకుండా తీసుకొచ్చావు, వానల్లో బురద నా ప్యాంటుకి కొట్టకుండా కట్టించింది ఇది, ఎండాకాలం దీన్ని తీసెయ్యాలి, లేకపోతే ఇంజనుకి గాలి ఆడదు, వేడంతా వెనక్కి కొడుతుంది, వెనక కూర్చున్న మనిషి కాలు కమిలిపోతుంది, నడపడం వస్తే సరిపోదోయ్, ఇవన్నీ తెలిసుండాలి అన్నాడు, మీకెప్పటినుంచి తెలుసండీ అంది ఆమె, ఇందులో తెలియడానికేముందే, కట్టించిన రోజే ఆ షాపువాడు చెప్పాడు, మరి ఎప్పుడూ విప్పలేదేం, విప్పడం కట్టడం ఎవరు పడతారే బాబూ, పైగా మన వీధిలో ఎవరో ఒకరు నీళ్ళు కొడుతూనే ఉంటారు, తెల్ల ప్యాంట్లు, ఉతకాల్సింది నువ్వేగా, మరి నా కాలో, నీకైతే అలవాటైపోయిందిగా అని ఆయన నవ్వాడు, దుర్మార్గంగా కాదు, మంచి మనిషి నవ్వినట్టే నవ్వాడు, ఆ మాటకి ఆమెకి ఒకనాటి ఎండాకాలం కళ్ళముందుకొచ్చింది, ఆయన చెల్లెలు వచ్చి నాలుగు రోజులుంది, రోజూ అన్నయ్య వెనక బజారుకి వెళ్ళేది, ఆ నాలుగు రోజులూ ఈ కవరు బాల్కనీలో కుర్చీ మీద పడి ఉంది, ఉతకడానికి వేశాడు కాబోలనుకుని తను ఉతికింది కూడా, ఆ పిల్ల ఊరెళ్ళిన మర్నాడు కవరు మళ్ళీ బండెక్కింది, ముడి ఆయనే వేశాడు, విప్పడం కట్టడం ఎవరు పడతారే బాబూ అన్న ఆయనే.

ఆమె కింద కూర్చుని ముళ్ళు విప్పింది, వేళ్ళు చురుక్కుమంటున్నా విప్పింది, కవరు మడిచి మూసిన దుకాణం మెట్టు మీద పెట్టింది, అదేంటే అక్కడ పెట్టావు అంటే చేతులు దులుపుకుంది, ఇంజను చల్లారేదాకా ఇద్దరూ నీడలో నిలబడ్డారు, తరువాత స్టార్ట్ చేస్తే బండి కాస్త దగ్గి, తిరిగింది, వచ్చేటప్పుడు నేను నడుపుతాలే, కట్టు తీసేస్తారుగా, తాళం నాకియ్యి అన్నాడు ఆయన ఎక్కుతూ, వెనక కూర్చోండి, ఇప్పుడు గాలి బాగా ఆడుతుంది అంది ఆమె, మెత్తగా, ఎప్పటిలాగే, రోడ్డు ఎక్కాక నిజంగానే గాలి మోకాళ్ళకి తగిలింది, ఆ మాట కోసం ఇన్నేళ్ళు ఎదురుచూసింది, కాలు కమిలిపోతుంది అన్న మాట ఆయన నోటనే వచ్చింది, వచ్చినా ఎక్కడా చల్లబడలేదు, పాపం ఆయనకి తెలియదు, తెలియదు అని ప్రతి బొబ్బ మీదా తనే ఒక తడిగుడ్డ వేసుకుంటూ వచ్చింది, ఆ గుడ్డ తనదే, వేసిందీ తనే, తెలియనిది ఆయనకి కాదు, తనకి, ఇక తాళం ఇవ్వడమనేది ఉండదు, అది కోపం కూడా కాదు, పగ తీర్చుకోవాలంటే అవతలివాడు తెలియక చేసి ఉండాలి, తెలిసిననాడు కుమిలిపోతాడన్న ఆశ ఉండాలి, ఆయనకి తెలుసు, మొదటినుంచీ తెలుసు.