తాడు పట్టిన కోడలు

ఏటి ఒడ్డున ఉన్న ఆ వీధిలో ప్రతి ఇంటి దూలానికీ కప్పీలుంటాయి. వరద కబురు రాగానే మంచాలూ బీరువాలూ కుట్టుమిషన్లూ తాళ్లతో పైకి లేస్తాయి. కింద నీళ్లు తమ దారిన తాము పోతాయి. తాడు లాగడంలో మూలింటి పెద్దమ్మకు సాటి లేదు. ఆవిడ ఒక్క గుంజు గుంజితే ఎంత బీరువా అయినా బుద్ధిగా పైకెక్కాల్సిందే. ఆ పేరంటే ఆవిడకు ప్రాణం.

అయితే నిరుటి వరదలో ఆవిడ కుడిభుజం కాస్తా పట్టు తప్పింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే తాడు ఎవరి చేతిలో పెట్టాలి? కొడుకు పడవ వేసుకుని ఊళ్లు తిరిగే మనిషి. కోడలా, మెట్టప్రాంతం పిల్ల. నీళ్లు చీలమండ దాటితే చాలు, గుండె దడ. పైగా పొద్దస్తమానం వెనక వసారాలో కూర్చుని, కొంగ చేపనెలా మింగిందీ, ఉడుము ఎటు ఈదిందీ చూడటమే పని.

"సినిమా అయిందా తల్లీ?" అని అత్తగారు దెప్పేది.

ఈసారి వసారాలోని చెక్కపెట్టెలో నీటికోడి గుడ్లు పెట్టి పొదుగుతోంది. వరద కబురు వచ్చింది. అత్తగారు భుజం నొప్పిని పళ్ల బిగువున దాచుకుని, కోడలితో కలిసి సామానంతా పైకెత్తింది. చివరికి పెట్టె మిగిలింది.

"ఇదీ ఒక్క గుంజు గుంజితే పోతుంది," అంది.

"వద్దత్తయ్యా! అది బెదిరి ఎగిరిపోతే గుడ్లు చల్లారిపోతాయి. నీళ్లు ఎంత పెరిగితే అంతే లేపుదాం."

"పొద్దంతా తాడు పట్టుకు నిలబడేదెవరు?"

"నేనే."

"నువ్వా! సరిపోయింది!"

నీళ్లు వసారా ఎక్కాయి. కోడలు బట్టలు పైకి దోపుకుని దిగింది. కళ్లు ఒక్కసారి మూసి తెరిచి, తాడు అందుకుంది. బెత్తెడు నీళ్లు పెరిగితే పెట్టెను బెత్తెడు లేపి, తాడు స్తంభానికి ఒక చుట్టు చుట్టి, కొస పట్టుకు నిలబడేది. కోడి మెడ సాచి చూసి, మళ్లీ సర్దుకుని కూర్చునేది. గోడవార ఒక పాము ఈదుకుంటూ పోయింది. కోడలు కెవ్వుమంది గానీ తాడు వదల్లేదు.

మెట్ల మీద కూర్చున్న అత్తగారు ఏదో ఒక తప్పు పట్టాలనే చూసింది. ఒక్కటీ దొరకలేదు. మధ్యాహ్నం లేచి వెళ్లి, అన్నం కలిపి తెచ్చింది.

"చేతులు ఖాళీ లేవుగా, నోరు తెరువు," అంటూ ముద్దలు అందించింది.

సాయంత్రానికి నీళ్లు నిలిచాయి. కోడలు తాడును స్తంభానికి ముడివేసింది. పెట్టెలోంచి సన్నగా కిచకిచలు వినిపించాయి. కోడి రెక్క కిందినుంచి ఓ నల్లటి పిల్ల తల బయటపెట్టింది. అత్తగారి కళ్లు చెమర్చాయి.

అంతలో ఎదురింటాయన పడవేసుకుని వచ్చాడు.

"పెద్దమ్మా, మా బీరువా సగంలో వేలాడుతోంది! నువ్వొస్తే తప్ప కాదు!"

"నా భుజం పనికిరాదు నాయనా. నిరుటినుంచీ అంతే."

ఆయన నోరు తెరిచాడు. కోడలూ తెల్లబోయి చూసింది.

"అలా చూస్తారేం? నాకన్నా బాగా తాడు పట్టే మనిషి నా ఇంట్లోనే ఉంటే! మా కోడల్ని తీసుకెళ్లు. మెల్లగా లాగుతుంది, కంగారుపెట్టావో ఊరుకోను." ఆవిడ తల దువ్వుకుని, ముందుగా తానే పడవెక్కి కూర్చుంది. "నేనూ వస్తా. వీధంతా నా కోడల్ని చూస్తుంటే, పక్కన నేను లేకపోతే ఎలా?"