ఒక మనిషి అన్నం తగ్గిన రోజు

పిల్లలూ, మీరు పెరిగే ఊళ్ళో గోదావరి లేదు. అందుకే ఈ సంగతి మీకెవరూ చెప్పి ఉండరు. నేనే చెప్పాలి.

నరసాపురం దగ్గర ఏటిగట్టు మీద బేబీ అని ఒకావిడ ఉండేది. భర్త గంగాధర్ పడవలో వేటకెళ్ళేవాడు. అత్తగారు అప్పాయమ్మ, కూతురు అశ్విని, కొడుకు ఉదయ్‌తో కలిపి ఇంట్లో ఐదుగురు. తెల్లవారగానే బేబీ ఆ రోజుకి సరిపడా ఒకేసారి వండేది. గంగాధర్‌కి క్యారేజీ, పిల్లలకి బాక్సులు పంపి, మిగిలింది అత్తాకోడళ్ళు తినేవాళ్ళు.

ఒకరోజు అశ్విని బడి నుంచి ఒక కాగితం తెచ్చి గోడకి అంటించింది. ఇంటికి ప్లాస్టిక్ కవరు తేకూడదు, స్నానం నీళ్ళు అరటిచెట్టుకి పోవాలి, అన్నం పారేయకూడదు. మొదటి రెండూ నెల తిరక్కుండానే తప్పాయి. మూడోది మాత్రం అన్నం వండే గిన్నె పట్టుకుంది. ఎన్ని బియ్యం పోసినా, ఆ రోజు ఎంత తింటారో అంతే ఉడికేది. మిగతా బియ్యం అడుగున పొడిగా అలాగే ఉండేవి. బేబీ వాటిని మళ్ళీ డబ్బాలో పోసేది.

“ఏ కొట్లో కొన్నావమ్మా ఈ గిన్నె?” అని పక్కింటి పెద్దింట్లమ్మ ఒకసారి అడిగింది. అంతే.

శ్రావణంలో వరదొచ్చి ఏరు ఎర్రబడింది. పులస చేపలు ఏటికి ఎదురెక్కే రోజులు. ఆ పొద్దున బేబీ మూత తీసేసరికి అన్నం నలుగురికే ఉంది. ఒక మనిషి బియ్యం అడుగున మిగిలాయి.

“ఏమయ్యా, ఇవాళ ఏట్లోకి వెళ్ళకు. ఒకరి అన్నం తగ్గింది.”

“గిన్నె మాట విని పులసని వదులుకోమంటావేంటే? నిన్న పెళ్ళిలో లడ్డూలు కుక్కావుగా, ఇవాళ నీకే ఆకలుండదు,” అన్నాడు గంగాధర్ వల సర్దుకుంటూ.

అప్పాయమ్మ గిన్నెలోకి తొంగిచూసింది. “నాదేలేవే. డెబ్బై దాటినదాన్ని.”

“ఊరుకోండి అత్తయ్యా.”

ఎవరిదో గిన్నె చెప్పదు. ఏట్లోకి వెళ్ళేవాడిదా? బస్సెక్కే పిల్లలదా? వారం నుంచి దగ్గుతున్న ఈవిడదా? బేబీ గరిటె తీసుకుని క్యారేజీని అదిమి నింపింది. రెండు బాక్సులూ నింపింది. అత్తగారి కంచంలో పెట్టింది. గిన్నెలో ఇక అన్నం లేదు.

“తగ్గింది నాదే,” అంది.

“నా దాంట్లో సగం తీసుకోవే,” అంది అప్పాయమ్మ.

“వద్దండి. నేను ఒక్క మెతుకు తిన్నా ఆ లోటు ఇంకొకరి మీదకి పోతుంది.”

మధ్యాహ్నం పెద్దింట్లమ్మ ఇడ్లీ తెచ్చింది. “మొహం అలా వాడిపోయిందేంటమ్మా, తిను” అని నోటిదాకా పెట్టింది. బేబీ తల తిప్పుకుంది. బడి బస్సు వచ్చింది. పిల్లలిద్దరూ దిగారు. ఖాళీ బాక్సులు చూసుకుంది. ఇక మిగిలింది ఒక్కడే.

కాసేపటికి గట్టు మీద కేకలు. గంగాధర్ పడవ చెక్కలు నీళ్ళలో కొట్టుకొస్తున్నాయి.

బేబీ వెళ్ళి నీళ్ళ అంచున కూర్చుంది. పొద్దు వాలుతుండగా వేరేవాళ్ళ పడవలో గంగాధర్ వచ్చాడు.

“ఎప్పుడూ వేటయ్యాకే తినేవాణ్ణి,” అన్నాడు. “ఇవాళ క్యారేజీ బరువుగా తగిలింది. వేడి మీదే తినేద్దామని ఏటి మధ్య లంకకి పడవ కట్టి దిగాను. తింటూ ఉండగానే పెద్ద మాను కొట్టుకొచ్చి పడవని గుద్దేసిందే.”

అప్పాయమ్మ భోరుమంది. బేబీ ఏడవలేదు. అతని చేతిలోంచి క్యారేజీ లాక్కుని మూత తీసింది. ఒక్క మెతుకు లేదు. అప్పుడు ఏడ్చింది.

మర్నాటి నుంచి మళ్ళీ ఐదుగురికీ ఉడికింది. అయినా అందరూ తిని చేతులు కడుక్కునేదాకా బేబీ తన కంచం ముట్టేది కాదు. ఎవరైనా ఆకలి లేదంటే ఆ రోజంతా వాళ్ళ వెనకే తిరిగేది.

మీరు ఈ కథ మీ పిల్లలకి చెప్పండి. గంగాధర్ తిరిగొచ్చాడని వినగానే వాళ్ళు లేచి ఆటలకి పోతారు. బేబీ ఆ రోజు ఏం తిందని ఎవరూ అడగరు. అడక్కపోయినా చెప్పండి.