వాల్వు పక్కన పుట్టినతేదీ

నేను ఒక ఇనుప చక్రాన్ని, మీరు రిమ్మంటారే, అదే. టైరు వేరు, నేను వేరు. దాన్ని మోసేది నేను, పేరంతా కొట్టేసేది అది. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు! పుట్టింది అమెరికాలో, 1969 మార్చి పద్నాలుగున. గాలి ఎక్కించే వాల్వు రంధ్రం పక్కన ఆ తేదీ నా ఒంటి మీదే అచ్చుకొట్టి ఉంది. దాని వెనకే నా కొలత చెప్పే రెండక్షరాలు. మీలో చాలామందికి పుట్టినతేదీ బడిలో మాస్టారు వేసిందే కదా, నాకు అలా కాదు.

నన్ను తొడిగిన కారు మామూలుది కాదు. ఒళ్లు చిన్నది, లోపల కూరిన ఇంజను మాత్రం లారీకి సరిపోయేంత. అలాంటివాటిని మజిల్ కార్లంటారు, రయ్యిమని దూసుకుపోవడం తప్ప వాటికి వేరే పని తెలియదు. హుజూర్‌నగర్ వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వచ్చిన దొర ఆ కారును ఓడలో తెచ్చుకున్నాడు. వెళ్లేటప్పుడు ఒక కాంట్రాక్టరుకు అమ్మేశాడు. ఆ మహానుభావుడికి మేం నలుగురం నచ్చలేదు. మరీ సాదాగా ఉన్నామట! తళతళలాడే కొత్త చక్రాలు వేయించుకుని మమ్మల్ని పాత ఇనుములోకి తోసేశాడు. తోబుట్టువులు ముగ్గురూ ఎటు పోయారో ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది.

ఎన్నో ఏళ్ల తర్వాత ఆ పాత ఇనుములోంచి నన్ను తూకానికి కొన్నది సైదమ్మ. సూర్యాపేట దాటాక హైవే పక్కన పంక్చరు షాపు ఆమెది. లారీ టైరును ఒంటిచేత్తో దొర్లించే మనిషి. నా నడుమ రంధ్రంలో పైపు దించి, దానికి 'ఇచ్చట పంక్చర్లు వేయబడును' అన్న బోర్డు తగిలించి రోడ్డు పక్కన నిలబెట్టింది. పదహారేళ్లు అలాగే ఉన్నాను. గంటకు వంద మైళ్లు తిరిగినదాన్ని, ఇక్కడ ఒక బోర్డుకు పీటనయ్యాను. పోయే ప్రతి ఆటో చక్రాన్నీ చూసి కడుపు మండిపోయేది. ఒక్కసారి మళ్లీ తిరిగితే చాలని ఎంత కోరుకున్నానో! సైదమ్మ మీద మాత్రం కోపం లేదు. దసరాకు పానాలకూ జాకీలకూ బొట్లు పెట్టి, నన్నూ మరిచిపోయేది కాదు.

పోయిన శీతాకాలం ఒక పొద్దున హైదరాబాదు కారొకటి పంక్చరై ఆగింది. దిగినాయన నరహరి గారు, పళ్ల డాక్టరు. సైదమ్మ టైరు విప్పుతుండగా ఆయన చూపు నా మీద పడింది. గబగబా కారులోంచి పళ్లు చూసే బుల్లి అద్దం తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, దుమ్ము తుడిచి నా అంకెలు చదివాడు. ఆయన దగ్గర మా జాతి కారే ఉంది. మూడు అసలు చక్రాలు దొరికాయి, నాలుగోది ఆరేళ్లుగా దొరకడం లేదు. చక్రం తేదీ కారు పుట్టుక కంటే ముందుండాలి, మరీ ముందూ ఉండకూడదు; నాది సరిగ్గా కుదిరింది. నాలుగోది నకిలీదని పాత కార్ల ప్రదర్శనలో రెండుసార్లు ఆయన కారును పక్కనపెట్టారు. ఈసారి ప్రదర్శన ఆ వచ్చే ఆదివారమే.

ఇవేవీ ఆయన అప్పుడు చెప్పలేదు. మొహం మామూలుగా పెట్టి, ఇంట్లో పూలకుండీ కిందికి బాగుంటుందని, రెండు వందలిస్తానని అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నేను కుండీ కిందికా!

సైదమ్మ సరేనంది. బోర్డును వేపచెట్టుకు కట్టుకుంటానంది. అయితే మురికితో ఎవరికైనా ఏదైనా ఇవ్వడం ఆమె ఇంటావంటా లేదు. ఇచ్చే వస్తువును కడిగి, నునుపు చేసి, రంగేసి ఇస్తేనే ఆమెకు మనసొప్పుతుంది. నాలోంచి పైపు లాగేసి గ్రైండరు ఆన్ చేసింది. వాల్వు పక్కనున్న గీతలన్నీ అరగదీసి, పుట్టీ పెట్టి, వెండి రంగు కొడతానంది. ఆ అంకెలు పోతే నేనెవరిని? ఏ ఊరిదాన్ని? రాయి గిర్రున తిరుగుతూ నా దగ్గరికొచ్చింది. నా పని అయిపోయిందనుకున్నాను.

"ఆపమ్మా, దండం పెడతా! అది కుండీకి కాదు!" అని డాక్టరు గారు అడ్డంపడ్డాడు.

సైదమ్మ గ్రైండరు ఆపింది. ఆయన తల దించుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆ అంకెలుంటే నా ధర ముప్పై వేలని, అరిగిపోతే నేను ఉత్త ఇనుమునని కూడా చెప్పాడు. ఆమె గ్రైండరును పక్కన పెట్టేసింది.

"ముందుగాలనే చెప్తే ఏమైతుండె సారూ? నువ్వు దాస్తివి, నేను గీకుతుంటి. ఇద్దరం కలిసి పాడుజేస్తుంటిమి గదా."

ఆ ముప్పై వేలూ ఇమ్మని, దాంతోపాటు నన్ను తొడిగిన కారు తనకు చూపించాలని అడిగింది. ఆయన రెండింటికీ ఒప్పుకున్నాడు.

ఆదివారం నేను తిరిగాను! డాక్టరు గారి ఇంటి నుంచి మైదానం దాకా పద్నాలుగు కిలోమీటర్లు. యాభై ఏళ్లు పైబడిన ఒళ్లు, అయినా ఆగితే ఒట్టు. అక్కడ న్యాయనిర్ణేతలు టార్చిలైటు వేసి అంకెలు చదివారు, పుస్తకంతో సరిచూశారు. అన్నీ అసలైనవేనని కారు అద్దానికి కాగితం అంటించారు. డాక్టరు గారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

మధ్యాహ్నానికి సైదమ్మ వచ్చింది, పట్టుచీర కట్టుకుని. అందరూ ఇంజను చుట్టూ మూగి ఉంటే, ఆమె తిన్నగా నా దగ్గరికొచ్చి చతికిలబడింది. టైరు మీద పిడికిలితో రెండు దెబ్బలు కొట్టి చెవి పెట్టింది.

"గాలి తక్కువున్నది సారూ. ఇట్లనే తిప్పితే రిమ్ము వంగుతది."

పొద్దుటినుంచి అంతమంది పెద్దలు అద్దాలు పెట్టి చూశారు, ఆ సంగతి ఒక్కరూ కనిపెట్టలేదు. కోటు వేసుకున్న డాక్టరు గారు పరుగెత్తుకెళ్లి పంపు తెచ్చి కొట్టబోయాడు. ఆమె దాన్ని ఆయన చేతిలోంచి లాక్కుంది. పట్టుచీర కుచ్చిళ్లు దోపుకుని తనే గాలి కొట్టింది. వాల్వుకు మూత బిగించి, నా అంకెల మీద అరచేత్తో ఒకసారి తట్టింది.

"ఇగ పో బిడ్డా, మంచిగ తిరుగు" అంది మెల్లగా, నాకొక్కదానికే వినబడేట్టు.