తిరిగే సీటు

పొద్దున లేస్తూనే ఆమె చేసే మొదటి పని మంచాన్ని మాయం చెయ్యడం. దుప్పట్లు మడిచి పైఅరలో కుక్కి, పరుపుని ముక్కలుగా విడదీసి గోడకి ఆనించి, కింద ఉన్న పలకని పైకి లేపి కాలు తగిలిస్తే, అప్పటిదాకా మంచమైనది బల్లవుతుంది. ఆ కాలికి ఒక చీల ఉంది. అది సరిగ్గా బిగించకపోతే బల్ల టీ కప్పులతో సహా ఒళ్ళో పడుతుంది. భర్త స్నానం చేసి వచ్చేలోపు ఇదంతా అయిపోవాలి, అతనికి రాగానే టీ కావాలి, టీకి బల్ల కావాలి. ఒళ్ళు విరుచుకుందామంటే చోటు లేదు, విరుచుకోవాల్సిన చోటునే మడతపెట్టాలి. ఇల్లులా అమర్చిన ఈ అద్దె బండిలో ప్రతి వస్తువూ రెండు మూడు పనులు చేస్తుందని అద్దెకిచ్చిన అమ్మాయి గర్వంగా చెప్పింది. తనని చూసే ఆ మాట అందేమోనని ఆమెకి ఇప్పుడు అనుమానంగా ఉంది.

నిజానికి ఆమె అడిగింది హోటల్ గది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి పరాయి దేశం చూడబోతున్నారు, ఎవరో పరిచిన పక్క మీద పడుకోవాలని, ఎవరో వండింది తినాలని, తడి టవల్ నేల మీదే వదిలేసి వెనక్కి చూడకుండా బయటికి నడవాలని ఆమె ఆశ. "హోటళ్ళకి అందరూ వెళ్తారు. మోటార్‌హోమ్ అంటే పడకా పొయ్యీ అన్నీ ఉన్న బండి, ఎక్కడ ఆగితే అక్కడే మన ఇల్లు," అన్నాడు భర్త. తిరకాసంతా ఆ మాటలోనే ఉంది. ఇల్లు వదిలి నాలుగు రోజులు తిరిగొద్దామంటే ఆ ఇంటికే చక్రాలు తగిలించి వెంట తెచ్చాడు మహానుభావుడు. ఆమె చివరికి ఒప్పుకుందంటే అద్దె కంపెనీ బొమ్మల పుస్తకంలో ఉన్న ఒక్క ఫొటో చూసి. అందులో డ్రైవరు సీటు వెనక్కి, గది వైపు తిరిగి ఉంది. ఒకావిడ ఆ సీట్లో కాళ్ళు చాపుకుని, చేతిలో కప్పుతో, తెరిచిన పక్క తలుపులోంచి సరస్సుని చూస్తోంది. చూడ్డం తప్ప ఆవిడకి వేరే పనేమీ ఉన్నట్టు లేదు. పొయ్యి మీద కూడా ఏమీ ఉడకడం లేదు. "నాకు ఇలాంటి పొద్దున ఒక్కటి చాలు," అందామె. "ఒక్కటేంటి, రోజూ కూర్చో. ఎవరొద్దన్నారు?" అన్నాడు భర్త.

ఎవరూ వద్దనలేదు. ఆమె పనిచేసే ల్యాబులో కూడా ఆమెని కూర్చోవద్దని ఎవరూ అనరు. అక్కడ ఉన్న కుర్చీలు రక్తం ఇచ్చేవాళ్ళవి, రిపోర్టుల మీద సంతకం పెట్టే డాక్టరువి. రక్తం తీసేది ఆమె, తీసేవాళ్ళు నిలబడే తియ్యాలి. సాయంత్రానికి పిక్కలు రాళ్ళయిపోతాయి. సెలవు అడిగినప్పుడు ఇన్‌ఛార్జి, "మీకేంటమ్మా, ఆయన తిప్పుతాడు, మీరు తిరుగుతారు. ఇక్కడ చచ్చేది మేం కదా," అన్నాడు. ఏ రోజూ ఒంట్లో బాగోలేదని కూడా వాడుకోకుండా దాచుకున్న సెలవులు అవి. ఆ మాట అందామనుకుని, దానికీ ఓపిక లేక సంతకం పెట్టించుకుని వచ్చేసింది.

బండి తీసుకున్న రోజు ఆ అద్దె అమ్మాయి ఇద్దర్నీ లోపలికి పిలిచి అన్నీ చూపించబోయింది. గ్యాసు మీట ఎక్కడ, మంచం ఎలా మడవాలి, టాయిలెట్ డబ్బా ఎలా లాగి ఖాళీ చెయ్యాలి, డ్రైవరు సీటు ఎలా తిప్పాలి. భర్త అప్పటికే బయట బండి చుట్టూ తిరుగుతూ వీడియో తీస్తున్నాడు. ఆ అమ్మాయి పిలిస్తే కిటికీలోంచి తల పెట్టి, "అవన్నీ ఆవిడకి చెప్పండి. నడిపేవాణ్ణి నేను," అన్నాడు. అంతే, ఆ ఒక్క మాటతో పంపకాలు అయిపోయాయి. అతను నడుపుతాడు. మిగతాది ఆమెది. మిగతాది అంటే ఎంతో అతనికి ఈ రోజుకీ తెలీదు. పొద్దున సీటు ముందుకి తిప్పి ఉంటుంది, ఎక్కి కూర్చుంటాడు. రాత్రి వెనక్కి తిప్పి ఉంటుంది, ఫోను పట్టుకుని అందులో వాలిపోతాడు. సీటు దానంతటదే పొద్దుతిరుగుడు పువ్వులా తిరుగుతుందనుకుంటున్నాడో ఏమో. తలుపు కాస్త తెరిచి పట్టుకుని, సీటుని ముందుకి లాగి, అడుగున మీట నొక్కి సగం తిప్పి, మళ్ళీ వెనక్కి తోసి మిగతా సగం తిప్పాలి. మొదటి రోజు ఆమె వేలు నలిగి గోరు నల్లబడింది. "ఏమైంది?" అని కూడా అడగలేదు, "టీలో పంచదార తక్కువైంది," అన్నాడు.

నిన్న కొండ మలుపులో పైఅర తలుపు గడియ ఊడి గాజు గ్లాసులు కింద పడ్డాయి. బండి కదులుతుండగానే అతను బిస్కెట్లు అడిగాడు, ఆమె బెల్టు విప్పి లేచి, పడుతూ లేస్తూ ఆ అర తెరిచి ఇచ్చింది. మలుపు రావడంతో గడియ సగమే పడింది. బండి ఆపి ఆమె మోకాళ్ళ మీద కూర్చుని గాజు పెంకులు ఏరుతుంటే, అతను తల్లికి ఫోను కలిపి, స్పీకరు పెట్టి, నవ్వుతూ చెప్పాడు: "పొద్దుట్నుంచీ రాత్రిదాకా నడిపేది నేనా. ఈవిడకున్నది ఒక్కటే పని, తలుపులు వెయ్యడం. అదీ చేతకాలేదు." అటు నుంచి అత్తగారు, "పోనీలేరా, దానికి అలవాటు లేదు. నువ్వు మాత్రం అలిసిపోకు," అంది. పక్కనే ఉన్న ఆడపడుచు, "వదిన అదృష్టవంతురాలురా అన్నయ్యా, మహారాణిలా కూర్చోబెట్టి ప్రపంచం చూపిస్తున్నావు," అంది. మహారాణి అప్పుడు సీటు కిందికి చెయ్యి పెట్టి, ఆఖరి పెంకు కోసం వెతుకుతోంది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. గ్లాసులు పగిలినందుకు కాదు, ఆ ఒక్కటే పని అన్నందుకు. అనాలనుకున్న మాట మింగి, పెంకులు చెత్తబుట్టలో పోసింది. ఇన్నేళ్ళూ అలా మింగీ మింగీ, ఏ మాట ఏ రోజుదో కూడా కలిసిపోయింది.

అదే సాయంత్రం బండి ఆగింది సరస్సు ఒడ్డున, ఇలాంటి బళ్ళు నిలిపే క్యాంపులో. ప్రయాణంలో ఇక ముందు సరస్సులు లేవు, ఇక్కడి నుంచి కొండలు, ఆ తర్వాత విమానాశ్రయం. పక్క తలుపు తెరిస్తే ఎదురుగా సరస్సు. అచ్చం ఆ ఫొటోలోలాగే. ఆమె ఉల్లిపాయలు తరుగుతూ అటే చూసింది. అన్నం పొంగి పొయ్యి ఆరిపోయేదాకా చూసింది. భోజనాల దగ్గర, "రేపు పొద్దున కాసేపు ఇక్కడే ఉందాం," అని అడిగింది. అడగడానికి తనకే సిగ్గేసేంత మెల్లిగా అడిగింది.

"కుదరదు. కొండ రోడ్డు ఎండెక్కకముందు తియ్యాలి, వీడియో బాగా వస్తుంది," అన్నాడు భర్త.

"సరస్సు చూద్దామని."

"చూశాంగా. నీళ్ళే కదా. ఫొటోలు తీశాను, ఇంటికెళ్ళాక తీరిగ్గా చూసుకో."

ఇంటికెళ్ళాక తీరిక. ఆ మాట వినగానే ఆమెకి నవ్వొచ్చింది. గిన్నెలు కడిగి, అన్ని గడియలూ రెండేసిసార్లు చూసి, బల్లని మంచం చేసి, అతని పక్కన పడుకుంది.

తెల్లవారింది. "వచ్చేసరికి రెడీగా ఉంచు, ఎక్కడమే తరువాయి," అని భర్త టవల్ భుజాన వేసుకుని క్యాంపు స్నానాలగదికి వెళ్ళాడు. ఆమె అలవాటుగా దుప్పటి కొస పట్టుకుంది. పట్టుకుని ఆగింది. పక్క తలుపు తోసింది. సరస్సు మీద ఇంకా మంచు ఉంది, నీళ్ళు కదలడం లేదు. చేతిలోని దుప్పటి కొసని వదిలేసింది. పెద్ద నిర్ణయమేమీ కాదు, వదిలెయ్యడం ఇంత తేలికా అని మాత్రం ఆశ్చర్యపోయింది. ఒక్క కప్పు టీ పెట్టుకుంది. తనకిష్టమైనంత చిక్కగా పెట్టుకుని, రాత్రి తను వెనక్కి తిప్పిన డ్రైవరు సీట్లోనే కూర్చుని, కాళ్ళు పరుపు మీదికి చాపింది. సీటు చాలా మెత్తగా ఉంది. రోజుకి రెండుసార్లు తిప్పుతూ కూడా ఆమెకి ఆ సంగతి తెలీదు.

భర్త తల తుడుచుకుంటూ వచ్చాడు. మంచం మంచంలాగే ఉంది. బల్ల లేదు, టీ లేదు. "ఒంట్లో బాలేదా?" అన్నాడు.

"బాగానే ఉంది."

"మరి లే, ఆలస్యమవుతోంది."

"టీ తాగుతున్నాను."

అతను ఆమెనీ, మంచాన్నీ మార్చి మార్చి చూశాడు. సరే కానిమ్మని తనే పరుపు ముక్క ఒకటి లాగి, పలక లేపబోయాడు. అది సగం లేచి దభీమని కూలబడింది. చీల ఎక్కడుందో అతనికి తెలీదు. వంగి వెతికాడు, మంచం అంచు తలకి కొట్టుకుంది, లేచి నుదురు రుద్దుకున్నాడు. ఆమె కాళ్ళు తియ్యలేదు. చీల ఎక్కడుందో చెప్పడానికి నోటిదాకా వచ్చిన మాటని టీతో పాటు మింగేసింది. ఇన్నేళ్ళలో అంత రుచిగా ఉన్న మాట ఆమె ఎప్పుడూ మింగలేదు.

అంతలో ఫోను మోగింది. రోజూ బయల్దేరే వేళకి అత్తగారు చేస్తుంది. అతను అలవాటుగా స్పీకరు నొక్కాడు.

"బయల్దేరారా నాన్నా?"

భర్త ఆమె వైపు చూశాడు. ఆమె ఫోను వైపు తిరిగి, అత్తగారితో మామూలుగా మాట్లాడే గొంతుతోనే చెప్పింది: "ఇంకా లేదత్తయ్యా. నేను కూర్చున్నాను."

"కూర్చోవడమేంటి?" అంది అత్తగారు. భర్త ఫోను కట్టేశాడు.

"సరే, ఆ సీటన్నా తిప్పు," అన్నాడు. గొంతు తగ్గింది. "నాకు రాదు అది."

"తెలుసు," అంది ఆమె.

మంచు విడిపోతోంది. సరస్సు అవతలి ఒడ్డు ఇప్పుడిప్పుడే కనిపిస్తోంది. కప్పులో టీ ఇంకా సగం ఉంది, అది అయిపోతే ఇంకో కప్పు పెట్టుకోవచ్చని ఆమెకి తోచింది.

"సీటు ఇలా వెనక్కి పెట్టుకుని కూర్చుంటే బండెలా నడుస్తుంది?" అన్నాడు భర్త, తాళంచెవి చేతిలో పట్టుకుని.

"నన్నడుగుతారేం? నడిపేవారు మీరు కదా," అంది ఆమె సరస్సు మీంచి కళ్ళు తిప్పకుండా. "నడపండి."