గాలిగొట్టాలు ఎవరివి

వందేళ్ల కిందట లాస్ ఏంజెలెస్‌లో రేసు కార్లు కట్టిన హ్యారీ మిల్లర్ అంటే కిరణ్మయికి పిచ్చి. కార్బురేటర్లతో మొదలుపెట్టి గెలిచే ఇంజిన్ల దాకా వెళ్లిన మనిషి ఆయన. తెనాలిలో బీటెక్ చదివేటప్పుడు పట్టుకున్న ఈ పిచ్చి సిడ్నీలో మాస్టర్స్‌కి వచ్చినా వదల్లేదు. యూనివర్సిటీలో విద్యార్థులంతా కలిసి కట్టే రేసు కారు జట్టులో చేరి, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల పని తనకే కావాలని అడిగి తీసుకుంది. ఎనిమిది నెలలు వాటితోనే కాపురం చేసింది. టూంగాబీలో ఆమె అద్దెకుండే ఇంటి లీలావతి ఆంటీ, "అన్నం చల్లారిపోతోందమ్మా, ఆ లాప్‌టాప్ క్లోజ్ చెయ్" అని రోజూ మొత్తుకునేది.

యూనివర్సిటీలు ఇలా కట్టిన కార్లకి ఏటా జరిగే పోటీలో ఒక బహుమతి ఉంది. ఏ భాగం డిజైన్ జడ్జికి నచ్చితే, దాన్ని డిజైన్ చేసిన విద్యార్థికి రేసు ఇంజిన్లు తయారుచేసే ఒక కంపెనీలో ఆరు నెలల పని. కిరణ్మయికి కావలసిందల్లా అదొక్కటే.

అంత కావాలనుకున్న పిల్ల చేసిన నిర్వాకం చూడండి. డ్రాయింగు కింద మూల, 'డిజైన్ చేసినవారు' అన్న గడిలో స్టీవ్ పేరు రాసింది. 'గీసినవారు' అన్న గడిలో తన పేరు రాసుకుంది. స్టీవ్ జట్టు నాయకుడు. ఇక్కడే సిడ్నీలో, పెండిల్ హిల్‌లో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే. ఆ గొట్టాల మీద అతను చెయ్యి వేసిందే లేదు. కానీ ఆమె చదివిన కాలేజీలో ప్రాజెక్టు ఎవరు చేసినా గైడుగారి పేరే ముందు రాయాలి, లేకపోతే తలపొగరంటారు. నాలుగేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే రాసేసింది.

పోటీ రోజు జడ్జిగా వచ్చినాయన పాత రేసు కార్లు బాగుచేసే పెద్దమనిషి. డ్రాయింగు చూసి, గొట్టాలు ఇంత పొడవు ఎందుకు పెట్టావని స్టీవ్‌ని అడిగాడు.

స్టీవ్ ఏమీ దాచలేదు. "నాట్ మై వర్క్, సర్. కిరణ్మయి డిడ్ ఆల్ ఆఫ్ ఇట్."

పెద్దాయన డ్రాయింగు మూలనున్న రెండు పేర్లూ చూసి ఆమె వైపు తిరిగాడు. మిల్లర్ షాపులోనూ ఇంతేనన్నాడు. ఊహ మిల్లర్‌ది, కాగితం మీద గీసింది గూసెన్ అనే ఇంకొకాయన. మరి ఈ కారుకి నువ్వు మిల్లర్‌వా, గూసెన్‌వా అని నవ్వుతూ అడిగాడు.

మిల్లర్‌నని చెప్పాలి. గొంతు దాకా వచ్చింది. నాయకుణ్ణి పక్కన పెట్టుకుని, అంత పెద్దాయన ముందు అంతా నేనే అనడానికి నోరు రాలేదు.

"స్టీవ్ గైడెన్స్‌లో చేశాను, సర్" అని ఇంగ్లీషులో చెప్పింది.

కాగితమూ మాటా కలిశాయి. ఆయన తలూపి, రాసుకుని, తరవాతి కారు దగ్గరికి వెళ్లిపోయాడు.

"వై వుడ్ యు సే దట్?" అన్నాడు స్టీవ్. నిజంగానే అతనికి అర్థం కాలేదు.

"మర్యాదకి అన్నాన్లే" అంది కిరణ్మయి.

సాయంత్రం బహుమతి గాలిగొట్టాలకే వచ్చింది, స్టీవ్ పేరు మీద. అతను వేదికెక్కి కూడా ఇది నాది కాదు, కిరణ్మయిది అన్నాడు. నాయకుడంటే ఇలా ఉండాలి, ఎంత వినయమో అని హాలంతా మెచ్చుకుంది. కిరణ్మయికి తన మీద తనకే ఒళ్లు మండిపోతోంది. అయినా చుట్టూ అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే ఆమె కూడా లేచి కొట్టింది.