పంపు ఆడినంతకాలం

ఆ రోజు ఇంట్లో ముగ్గురున్నారు. వెనక గదిలో మంచం మీద తండ్రి, ముందు గదిలో విప్పిన సైకిళ్ల మధ్య తమ్ముడు, వంటింట్లో మరదలు. వీధి మెట్టు మీద అక్క ఉంది, సైకిళ్లకు గాలి కొడుతుంది కాబట్టి ఊరికి గాలత్త. ఆ మెట్టు ఇంట్లోకి వస్తుందా, వీధిలోకి పోతుందా అన్నది ఏళ్ల తరబడి తేలని గొడవ. కాబట్టి ఆమెను కలిపితే నలుగురు, కలపకపోతే ముగ్గురు.

పొద్దున్న ఏడు గంటలకు ఆమె పాలవాడి సైకిలుకు గాలి కొడుతోంది. కుడి పాదం పంపు అడుగున ఉన్న ఇనప రెక్క మీద వేసి, రెండు చేతులతో చెక్క పిడి పట్టుకుని, వంగి లేస్తోంది. ఇరవై దెబ్బలకు బిగిసే టైరు ముప్పైకి కూడా బిగియలేదు. పిడి కిందికి పోతోంది, పైకి వస్తోంది, మధ్యలో ఎక్కడా అడ్డం తిరగడం లేదు. ఇన్నేళ్లూ తన చేతులతో పోట్లాడిన వస్తువు ఒక్కసారిగా మెత్తబడిపోయేసరికి ఆమెకు భయం వేసింది.

"ఏంటత్తా, నాకు గాలి కొడుతున్నావా, పంపుకి కసరత్తు చేయిస్తున్నావా?" అన్నాడు పాలవాడు.

"పాలల్లో నీళ్ల సంగతి నేనేమైనా అడిగానా? నోరు మూసుకుని నడిపించుకుపో."

వెనక గదిలోంచి తండ్రి కేక వేశాడు. "ఒసేయ్! ఆ చప్పుడేంటే? చచ్చిందా అది?"

"చావలేదు. నువ్వు పడుకో."

"పడుకునే ఉన్నాను! లేవగలిగితే నీకెందుకిస్తాను దాన్ని?"

అత్తవారింట్లో మూడేళ్లుండి ఒక సంచీతో తిరిగొచ్చినప్పుడు ఆమెకు ఇరవై ఆరేళ్లు. ఎందుకొచ్చావని తండ్రి అడగలేదు, లోపలికి రమ్మనీ అనలేదు. మెట్టు మీద ఉన్న పంపు చూపించి "గాలి కొట్టు" అన్నాడు. అప్పటి నుంచి ముప్పై ఏళ్లుగా కొడుతూనే ఉంది. ఆమె కుడి భుజం ఎడమ భుజం కంటే లావు. కుడి పాదం ఇనప రెక్క ఆకారానికి తిరిగి అరిగిపోయింది. తనను చిన్నచూపు చూసేవాళ్ల టైర్లకు రెండు దెబ్బలు తక్కువ కొట్టడం ఆమెకున్న ఒకే ఒక్క సరదా.

కాళ్లు పడిపోయి మంచం పట్టిన రోజున తండ్రి పంపకం చేశాడు. కాగితం లేదు, సాక్షి లేడు. "దుకాణం వాడిది. పంపు దానిది. పంపు ఆడినంతకాలం మెట్టు దానిది" అన్నాడు. కూతురి మీద ప్రేమతో అన్న మాట కాదది. తనను అడగకుండా కొడుకు దుకాణానికి రంగు వేయించాడన్న కోపంతో అన్నాడు. ఎందుకన్నా, అన్నాడు. తండ్రి మాట దాటే ధైర్యం తమ్ముడికి ఏనాడూ లేదు. పంపు ఆగితే మాత్రం దాటాల్సిన పనే లేదు.

పాలవాడు వెళ్లీ వెళ్లకముందే తమ్ముడు బయటికి వచ్చాడు. చేతిలో కొత్త పంపు. ఎర్రగా మెరుస్తోంది, మీద ముల్లు తిరిగే గడియారం లాంటిది కూడా ఉంది. ప్లాస్టిక్ కవరు తియ్యలేదు.

"ఇదిగో అక్కా. నీ కోసమే తెచ్చా. ఆ పాత డొక్కు అవతల పారెయ్."

"ఎప్పుడు తెచ్చావ్?"

"మొన్న."

"ఇది ఇవాళ పోయింది కదరా. మొన్నే తెచ్చావా?"

తమ్ముడు పక్క చూపు చూశాడు. "మూడింటికి షట్టరు మనిషి వస్తాడు. దుకాణం ముందుకు, మెట్టు మీదికి జరుపుతున్నాం. కావాలంటే నువ్వు లోపల కూర్చుని కొత్తదాంతో కొట్టుకో."

"కొత్తది నీది. ఇది నాది" అంది గాలత్త. "మూడింటికి ఇంకా చాలా టైముంది."

పానా తెచ్చుకుని మెట్టు మీద కూర్చుంది. పైమూత తిప్పి, కడ్డీ బయటికి లాగింది. కడ్డీ చివర ఉండే తోలు వాషరు చిన్న గిన్నెలా మెత్తగా ఉండాలి. అది అప్పడంలా ఎండిపోయి, అంచు మూడు చోట్ల చీలి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. కిరసనాయిలు వాసన. కిరసనాయిలు తగిలితే తోలు ఎండి చీలిపోతుందని దుకాణంలో పుట్టి పెరిగినవాడికి వేరే చెప్పనక్కర్లేదు.

"కిరసనాయిలు పోశావా?"

"పిడి బిర్రుగా ఉందని నువ్వే గొణుగుతుంటివి. తుప్పు వదులుతుందని పోశా. మంచి చేసినా తప్పేనా?"

ఆమె కొంగులో వాషరు కట్టుకుని సందు చివరికి నడిచింది. విడిభాగాల అంగడివాడు ఆ వాషరు చూసి నవ్వాడు. ఆ సైజు రావడం మానేసి ఇరవై ఏళ్లయిందన్నాడు. చెప్పులు కుట్టే ముసలాయన మాత్రం నవ్వలేదు, విసుక్కున్నాడు.

"కొత్త పంపు ఊరికే ఇస్తుంటే తీసుకోక, నా ప్రాణం తీస్తావేం?"

"తీసుకుంటే నేను లోపలి మనిషినవుతాను. మరదలు లేవమన్నప్పుడల్లా లేవాలి."

"ఇప్పుడు లేవడం లేదా?"

"మెట్టు మీద నుంచి లేవను."

ముసలాయన సంచి పట్టీలోంచి దళసరి తోలు ముక్క గుండ్రంగా కోసి ఆమె ఒళ్లోకి విసిరాడు. "ఎద్దు బతికున్నప్పుడు కూడా ఇంత మొండిగా ఉండి ఉండదు. నీకు సరిపోయింది. పో."

తోలును గంటసేపు నీళ్లలో నానబెట్టింది. సిరాబుడ్డి మూత మీద పరిచి, బొటనవేళ్లతో అంచులు కిందికి వంచి, దారంతో బిగించి ఎండలో పెట్టింది. ఆ గంటసేపూ తండ్రి తిడుతూనే ఉన్నాడు. చేతకానిదానికి పంపు ఇచ్చానన్నాడు. దాని తల్లీ ఇంతేనన్నాడు. గోడకేసి చెంబు కొట్టాడు. మరదలు చెంబు ఏరుతూ ఆయన్ని తిట్టింది, ఆయన్ని వదిలి మొగుణ్ని తిట్టింది, ఆఖరికి వాకిట్లోకొచ్చి ఆడపడుచు దగ్గర ఆగింది.

"కొంచెం నూనె ఇవ్వవే" అని అడిగింది గాలత్త. "తోలుకి పట్టించడానికి. రెండు చుక్కలు చాలు."

"తలకి రాసుకునే నూనె పంపుకా? రేపు దానికి జడ కూడా వేస్తారా వదినా?"

"రెండు చుక్కలే."

"సీసా ఖాళీ."

పొద్దున్న ఆ సీసాలోంచే గాలత్త తలకు రాసుకుంది. సగం పైనే ఉంది. ఆమె కొప్పు ముడి విప్పింది. నెరిసిన జుట్టు ముందుకు వేసుకుని, ఆ తోలు గిన్నెను కుదుళ్ల దగ్గర నుంచి చివరి దాకా రుద్దడం మొదలుపెట్టింది. వీధిన పోయేవాళ్లు ఆగి చూశారు. మరదలు "ఛీ" అని లోపలికి పోయింది. తోలు నల్లబడి, మెత్తబడి, వేలి కింద సాగేదాకా రుద్దింది.

మూడింటికి షట్టరు మనిషి సైకిలు మీద వచ్చాడు. మెడలో కొలత టేపు, చెవిలో పెన్సిలు. ఆమె కంగారుగా వాషరు కడ్డీకి తగిలించి, మరబిగించి, పంపులోకి దించింది. నిలబడి ఒక్క దెబ్బ కొట్టింది.

పిడి మెత్తగా దిగిపోయింది.

తమ్ముడు గుమ్మంలో నిలబడి గట్టిగా నవ్వాడు. "చూశావా, ముప్పై ఏళ్ల పనితనం! ఇక దిగు అక్కా. ఆయన కొలత తీసుకోవాలి."

గాలత్త దిగలేదు. కడ్డీ మళ్లీ బయటికి లాగి చూసింది. గిన్నె మూతి పైకి ఉంది. కిందికి ఉండాలి. గాలి గిన్నెలో నిండి అంచుల్ని గోడకు నొక్కితేనే పంపు పట్టేది. కళ్లు మూసుకుని చేసే పని, ఇవాళ కళ్లు తెరుచుకుని తప్పు చేసింది. కాలికింద కడ్డీ తొక్కిపెట్టి మర విప్పింది, గిన్నె తిరగేసింది, మళ్లీ బిగించింది.

"నీ సైకిలు ఇటు తే" అంది షట్టరు మనిషితో. "వెనక టైరు నేల నాకుతోంది."

అతను తమ్ముడి మొహం చూశాడు, తర్వాత టైరు చూశాడు. తెచ్చాడు.

మొదటి దెబ్బకే పిడి అడ్డం తిరిగింది. ఆమె దాన్ని కిందికి తొక్కింది. అది మళ్లీ ఎగదన్నింది. పదకొండు, పన్నెండు. భుజం నొప్పెట్టింది. ఆ నొప్పి ఆమెకు బాగుంది. ఇరవై దెబ్బలకు షట్టరు మనిషి వంగి టైరు నొక్కి చూశాడు.

"రాయిలా ఉందండీ" అన్నాడు. "మరి ఈ మెట్టు..."

తమ్ముడి మొహంలో నవ్వు పోయింది.

"నాన్నా!" అని అరిచింది గాలత్త. ముప్పై ఏళ్లలో ఆమె అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. "వినబడిందా? ఆడుతోంది!"

లోపలి నుంచి తిట్టు రాలేదు. తిట్లు ఆగిపోయి చాలాసేపయిందని అప్పుడు తెలిసింది. ఎప్పుడు ఆగాయో ఎవరికీ తెలియదు. అందరి దృష్టీ పంపు మీదే ఉంది.

మరదలు వెనక గదిలోకి వెళ్లి, మెల్లగా తిరిగొచ్చి, మొగుడి చెవిలో ఏదో చెప్పింది. తమ్ముడు లోపలికి పరిగెత్తాడు. కాసేపటికి బయటికి వచ్చాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. అక్క వైపు చూడలేదు.

"నాన్న పోయాడు" అన్నాడు షట్టరు మనిషితో. "పని నాలుగు రోజులాగి మొదలెడదాం. కొలత మాత్రం ఇప్పుడే తీసుకుని వెళ్లు. మెట్టుతో కలిపి."

షట్టరు మనిషి కదల్లేదు.

"పంపు ఆడుతోంది కదరా" అంది గాలత్త. "ఆయన అన్నాడు కదా. మెట్టు నాదని."

"ఎవరన్నారు? ఎవరు విన్నారు? ఆ మాట అన్నాయన్నే లేపి అడుగు, పో."

షట్టరు మనిషి తల దించుకుని మెడలోంచి టేపు తీశాడు. ఒక కొన మెట్టు అంచున, ఆమె పాదం పక్కనే పెట్టాడు.

ఆమె పంపు చంకన పెట్టుకుని గుమ్మం ఎక్కింది. ఎందుకు పట్టుకుందో ఆమెకే తెలియదు. వదిలితే ఎవరైనా తీసేస్తారనుకుందో, ఆయనకు చూపిద్దామనుకుందో. రబ్బరు పైపు ముందుకు వేలాడుతోంది. తమ్ముడు ఆమెను తోసుకుని లోపలికి పోయాడు. మరదలు వీధి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"చేతులు చూసుకోండి వదినా. నిండా జిడ్డు. ఆ చేతుల్తో ఆయన్ని ముట్టుకుంటారా?"

"ఒక్కసారి చూసొస్తానే."

"మీ మెట్టు మీద కూర్చోండి" అంది మరదలు, తలుపు వేసేసింది.

లోపల గడియ పడింది. పంపు ఆమె చేతుల్లోనే ఉంది. పైపు తలుపు సందులో నలిగి ఇరుక్కుపోయింది. టైరుకు తగిలించే ఇత్తడి మూతి లోపలి వైపు ఉండిపోయింది.