మంచు చెరువుకు కోటు

బస్సెక్కితే కరీముల్లాకు నిద్రొస్తుందే తప్ప వాంతి రాదు. ఆకాశం దాకా రోడ్డేసినా కాలు మీద కాలేసుకుని పోతానని ప్రొద్దుటూరులో తన పరుపుల అంగట్లో కూర్చుని చెప్పేవాడు. మొన్న జమ్మలమడుగు పెళ్లికి పోతూ, ఊరు దాటకముందే భార్య మాబున్ని కొంగు అందుకున్నాడు. ఆ కొంగు ఉతికితే పెన్నలో చేపలు రెండు రోజులు ఇటు రాలేదు. "ఎండకు తల తిరిగిందిలే" అన్నాడు. ఆ రోజు మబ్బు పట్టి ఉంది.

అలాంటి మనిషి కాశ్మీరుకు ప్రయాణం కట్టాడు. చెట్లు కూడా ఎక్కలేక ఆగిపోయే కొండల మీద, వేసవిలోనూ మంచుగడ్డలు తేలే చెరువుందట. మిలిటరీలో ఉన్న హుమాయున్ సెలవుకొచ్చినప్పుడు చెప్పాడు, అదీ అక్క మాబున్నికి. "నీలిమందు కలిపినట్టుంటాయి నీళ్లు. నువ్వొకసారి సూడాలక్కా." పక్కన సంగటి తింటున్న కరీముల్లా విన్నాడు. తెల్లారేసరికి ఆ చెరువు అతనిదైపోయింది. పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు నారాయణకు చెబితే, ఖర్చు తనదన్నాడాయన.

"మగోళ్లం పోతాండాం. ఆడోళ్లకు ఆడేం పని?" అన్నాడు కరీముల్లా ఇంట్లో. "నీళ్లు సూడాలంటే బావి ల్యాదా, తొంగి సూడు" అంది మాబున్ని అత్త దిల్షాద్‌బీ.

చలికి కోట్లు కావాలి. దూదేకే ఇల్లు కనుక పరుపుకు కూరినట్టే కూరాడు కరీముల్లా. మొదటి కోటు తొడుక్కున్న నారాయణ చేతులు దించలేక, రెండూ చాపుకుని బజారంతా నడిచాడు. చేలో దిష్టిబొమ్మగా జీతానికి కుదిరాడనుకున్నారు జనం. మాబున్ని విప్పి, దూది పలచన చేసి, మళ్లీ కుట్టింది. చెడిపోని రొట్టెలేవి, ఊరగాయ కారకుండా జాడీకి ఏ గుడ్డ కట్టాలి, తడిసిన మేజోళ్లకు మారుజత ఎవరు పెట్టుకుంటారు, అన్నీ ఆమే ఆలోచించింది. కొండ ఎక్కేవాళ్లకు కొండ కనబడుతుంది, వాళ్ల ఆకలి మాత్రం పొయ్యి దగ్గర కూర్చున్నదానికే ముందు కనబడాలి. దారంతా తన తలలోనే ఉంది, తను మాత్రం దారిలో లేదు. సరే, మగవాళ్ల ప్రయాణం కదా అని సూది పొడిచింది.

అప్పుడొచ్చింది నారాయణ భార్య చిన్నసుబ్బమ్మ, తన కోటుకు కొలతివ్వడానికి. "నువ్వూ వస్తావనుకుంటి మాబున్నీ. నీకు బస్సు పడదంట గదా, వాంతులంట. మీ ఆయన శానా బాధపడినాడు."

మాబున్ని నోట్లో దారం ఉంది. దాన్ని కొరికింది.

ఆ రోజు నుంచి అంగట్లో దూది తగ్గడం మొదలైంది. "ఎలకలు" అంది మాబున్ని, కళ్లార్పకుండా. "మామూలువి గాదు. ఒకదాని మీసం తాడనుకుని బట్టలారేసినా." అత్త ప్రతి మూలా బోను పెట్టింది, మూటలు తిరగేసింది. ఆమె చెయ్యి ఏ మూటమీద పడినా మాబున్ని సూది ఆగేది. చివరికి తను పడుకునే పరుపు విప్పి, దాచుకున్నది అందులో పెట్టి కుట్టేసింది.

ప్రయాణానికి ముందురోజు కోట్లు తొడిగి చూసుకోవడానికి నారాయణ దంపతులొచ్చారు. రైల్లో పడుకోను పరుపొకటి కావాలన్నాడు నారాయణ. కరీముల్లా ధారాళంగా మాబున్ని పరుపే లాగాడు. "విప్పి మళ్లీ ఏకిస్తే వెన్నలాగుంటాదప్పా."

"అది వద్దు, నల్లులుండాయి" అంది మాబున్ని.

"అంగట్లో ఎలకలు, పరుపులో నల్లులు. ఇంగ పులుల్ని యాడ పెట్టినావే?" కుట్టు తెంచి చెయ్యి పెట్టాడు. దూదికి బదులు చెయ్యొకటి వచ్చింది. లాగితే కోటంతా వచ్చింది. పచ్చపూల గుడ్డ. భుజాలకు పెట్టుకు చూశాడు. సగానికి కూడా రాలేదు.

"ఎవరిదిది?"

దిల్షాద్‌బీ చేతిలో ఎలకల బోను ఖాళీగా వేలాడుతోంది.

"ఎలకల్లేవు" అంది మాబున్ని. "దూది తీసింది నేను. కుట్టుకుంది నేను. ఆ చెరువు సంగతి మా తమ్ముడు సెప్పింది నాకు."

"నీకు బస్సు పడదు గదే" అన్నాడు కరీముల్లా, నారాయణ వైపు చూడకుండా.

మాబున్ని అతని చేతిలోంచి కోటు తీసుకుంది. ప్రొద్దుటూరు మే నెల ఎండలో, మెడ దాకా గుండీలు పెట్టుకుంది.

"కిటికీ పక్క సీటు ఆయనకియ్యి నారాయణప్పా" అంది. "వాంతులయ్యేది నాకు గాదు."